ర్యాప్ పాటకి పూచీ పడిన టీచరుగారు

మా ఇంగ్లీషు టీచరుగారు పోయారని కిందటి మంగళవారం ఫోను వచ్చింది. "ఏమీ బాధపడలేదండీ, నిద్రలోనే పోయింది," అన్నారు ఆవిడ చెల్లెలు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను.

నాకు తెలిసినవాళ్ళలో ఆవిడంత భయస్తురాలు లేరు. నరసాపురం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితే అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్ళు మూసుకుని పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునేవారు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి చూసుకునేవారు. మాది ప్రైవేటు కాలేజీ. ప్రిన్సిపాల్‌గారు పిలిచారంటే చాలు, కొంగుతో చెమట తుడుచుకుంటూ వెళ్ళేవారు.

అలాంటి మనిషి ఒకరోజు క్లాసుకి టేప్‌రికార్డర్ తెచ్చారు. ఓడలో పనిచేసే ఆవిడ తమ్ముడు తెచ్చిన క్యాసెట్. అమెరికాలో ఒక నల్లజాతి కుర్రవాడి ర్యాప్. పరిగెత్తుకుంటూ మాట్లాడుతున్నట్టు ఉంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. క్యాసెట్‌తో పాటు వచ్చిన పత్రికలో చదివి అతని కథ చెప్పారు. తుపాకీ మోతలు వినబడే వీధిలో పెరిగాడట. మొదటిసారి స్టేజీ ఎక్కి మాటలు మరిచిపోతే జనం అరిచి దింపేశారట. మొదటి క్యాసెట్ ఎవరూ కొనలేదు. హోటల్లో గిన్నెలు కడుగుతూ రెండోది రాశాడు. తన వీధిలో ఎవరెవరు ఎవరికి భయపడుతున్నారో అందులో చెప్పేశాడు. అది రేడియోలో మోగింది, ఊరూరా పాకింది. ఆ తర్వాత సొంత ఇంటికి వెళ్ళాలన్నా అతనికి భయంగానే ఉండేదట.

"అంత పేరొచ్చాక కూడా భయం పోలేదేంటండీ?" అని అడిగాను.

"పోలేదమ్మా. భయపడుతూనే పాడాడు. గొంతు వణుకుతోంది, విను," అని క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు.

మాది చేపలు పట్టే కుటుంబం. మా పేటని ఆనుకుని ఒక పెద్దమనిషి రొయ్యల చెరువులు తవ్వించాడు. మా బోరునీళ్ళు ఉప్పెక్కాయి. చెరువుల మురికినీళ్ళు కాలవలోకి వదిలినప్పుడల్లా చేపలు చచ్చి తేలేవి. మా నాన్నతో సహా ఎవరూ నోరెత్తలేదు. నేను దానిమీద తెలుగులో ర్యాప్ రాసి టీచరుగారికి చూపించాను. "ఇది వద్దమ్మా," అని కాగితం మడిచి సంచీలో పెట్టేసుకున్నారు. మర్నాడు తిరిగి ఇచ్చారు. రెండుచోట్ల దిద్ది ఉంది.

"ఇక్కడ ఊపిరి తీసుకో. లేకపోతే చివరి మాట వినబడదు."

వార్షికోత్సవంలో పాడాను. పిల్లలు బల్లలు చరిచారు. మర్నాడు ఆ పెద్దమనిషి మనుషులిద్దరు కాలేజీకి వచ్చారు. నన్ను ప్రిన్సిపాల్‌గారి గదిలోకి పిలిపించారు.

"ఎవరు రాసిచ్చారమ్మాయ్ నీకది? మీ నాన్న వల ఎక్కడేస్తాడో మాకు తెలుసులే," అన్నాడొకడు.

అప్పుడు తలుపు దగ్గర టీచరుగారు కనబడ్డారు. పడిపోకుండా తలుపు చెక్క పట్టుకున్నారు.

"ఆ పిల్లకేం తెలియదండీ. నేనే రాసిచ్చాను. ఏదైనా ఉంటే నన్నడగండి."

కాదండీ, నేనే రాశాను అనాలి. ఒక్క మాట. అనలేదు.

వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం పోయింది. మా నాన్న జోలికి ఎవరూ రాలేదు. కాలవలోకి మురికినీళ్ళు కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ కడియం దగ్గర చిన్న బళ్ళో చేరి, ఓపిక ఉన్నన్నాళ్ళూ అక్కడే పాఠాలు చెప్పుకున్నారు. నేను తర్వాత రాజమండ్రిలో, కాకినాడలో చాలా స్టేజీలెక్కాను. ఆవిడకి రెండుసార్లు ఉత్తరం రాశాను. పోస్టు చెయ్యడానికి ధైర్యం చాలలేదు.

ఆవిడ ఊరు వదిలిన రోజు మాత్రం బస్టాండుకి వెళ్ళాను. ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. ఎవరు గట్టిగా మాట్లాడినా ఉలిక్కిపడి అటు చూస్తున్నారు. నన్ను చూడగానే, "నువ్విక్కడికెందుకొచ్చావమ్మా? ఎవరైనా చూస్తారు. ఇంటికెళ్ళు. సందుల్లోంచి కాదు, పెద్దరోడ్డు మీంచే వెళ్ళు," అన్నారు. బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి చాపి, వెళ్ళు వెళ్ళు అని ఊపుతూనే ఉన్నారు. మలుపు దగ్గర తల కూడా బయటికి పెట్టారు, నేను ఏ దారిన వెళ్తున్నానో చూడడానికి.