ఇరవై రెండు చేతులు

మున్సిపల్ ఆఫీసుకు ఎదురుగా జిరాక్సు షాపు నడిపే ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వార్డులో లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ జిరాక్సక్క. టౌను బస్సు నడిపే భర్త కూడా కోపం వచ్చినప్పుడు, "జిరాక్సక్కగారూ, ఇవాళ ఇంట్లో వంట ఉందా, మీటింగు ఉందా?" అని అడిగేవాడు.

షాపంటే ఎంతని? ఒక మెషీను, కాగితాల కట్టలు, దారానికి కట్టిన పెన్ను, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిన బల్ల. కానీ ఆఫీసులో పని ఉన్నవాళ్ళంతా ముందు అక్కడ ఆగాల్సిందే. ఏ దరఖాస్తుకు ఏ కాగితం జత చేయాలో, ఏ గుమాస్తా భోజనానికి ముందు కసురుకుని, తర్వాత మెత్తబడతాడో ఆవిడకు కొట్టిన పిండి. "ఫారం ఇటివ్వు" అని లాక్కుని తనే నింపేసేది. ఎదుటివాళ్ళు అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తుంటే చూస్తూ కూర్చునే ఓపిక ఆవిడకు పుట్టుకతోనే లేదు.

తొమ్మిదేళ్ళ కిందట పార్టీ పట్టణ కార్యదర్శి ఒక సభ్యత్వ పుస్తకం తెచ్చి, "వార్డంతా ఎలాగూ మీ దగ్గరికి వస్తుంది కదమ్మా, ఇది కూడా బల్ల మీద ఓ మూల పడి ఉండనివ్వండి" అన్నాడు. ఏదైనా సరే, ఓ మూల పడి ఉండనివ్వడం ఆవిడకు చేతకాని పని. ఆరు నెలల్లో పుస్తకం నింపేసి ఇంకోటి అడగడానికి వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అప్పటికి ఆ వార్డులో పార్టీ అంటే ఒక జెండా కర్ర, గడియారాలు బాగుచేసే ఒక తాత, అంతే. ఆ తాతా ఆవిడా సాయంత్రం పూట వీధులన్నీ తిరిగేవాళ్ళు. తాత కబుర్లు చెప్పేవాడు, ఆవిడ రాసుకునేది. ఏ గుమ్మంలోనూ ఓటు మాట ఎత్తేవాళ్ళు కాదు. మీ వీధి దీపం వెలుగుతోందా, మీ కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా అని అడిగేవాళ్ళు. మర్నాడు ఆవిడ ఆఫీసుకు వెళ్ళి, ఆ దీపం వెలిగేదాకా గుమాస్తా ప్రాణం తోడేసేది. అలా వీధికొక మనిషి చొప్పున ఇరవై నాలుగు మందితో వార్డు కమిటీ తయారైంది. ఆవిడ అధ్యక్షురాలు, తాత ఉపాధ్యక్షుడు. రెండు ఎన్నికల్లో వరసగా వార్డు గెలిచారు. పట్టణ కార్యదర్శి మిగతా వార్డులవాళ్ళను తిట్టినప్పుడల్లా "వెళ్ళి ఆ జిరాక్సక్కను చూసి నేర్చుకోండి" అనేవాడు. ఆ మాట చెవిన పడిన రోజు ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు.

పోయిన వానాకాలంలో తాత కన్నుమూశాడు. కమిటీ అంతా వెళ్ళి సాగనంపి వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలకు వచ్చింది అసలు కథ.

ఏటా ఒకసారి పదవుల ఎన్నిక జరగాలి. ఎన్నికంటే పెద్ద హంగామా ఏమీ ఉండదు. కుట్టుపని నేర్పే టైలరమ్మ మేడ మీది గదిలో అందరూ చేరతారు, అక్క జాబితా చదువుతుంది, అందరూ చేతులెత్తుతారు, టీ తాగి ఇళ్ళకు పోతారు. ఆ ఆదివారం మెషీనులో కాగితం ఇరుక్కుని, దాన్ని పీకేసరికి ఆలస్యమై, ఆవిడ ఫైల్లోంచి చేతికందిన జాబితా లాక్కుని మెట్లెక్కింది. గడగడా చదివేసింది. ఇరవై రెండు చేతులు లేచాయి, తన చేతితో కలిపి. ఇరవై మూడో మనిషి వెల్డరు. ఎక్కడో గేటు బిగించాల్సి ఉందని ఆ పూట రాలేదు. మీటింగులో ప్రతిదానికీ "ఎందుకు?" అని అడ్డు తగులుతాడు కాబట్టి అతనికి ఎందుకయ్య అని పేరు పడింది. అతను రాకపోవడంతో మీటింగు పావుగంటలో ముగిసిందని ఆవిడ లోలోపల సంతోషించింది కూడా.

జాబితా ఒక కాపీ పట్టణ ఆఫీసుకు పంపింది, ఒకటి షాపు అద్దానికి అంటించింది. బుధవారం నాడు తాతగారి కోడలు వచ్చింది. మామగారి మరణ ధ్రువపత్రం ఇచ్చి నాలుగు కాపీలు తీయమంది. మెషీను ఒక్కో కాగితం బయటికి తోస్తుంటే ఆ అమ్మాయి అద్దం మీది జాబితా చదువుకుంటూ నిలబడింది.

"అక్కా, మామయ్యగారిని మళ్ళీ ఎన్నుకున్నారా?" అని అడిగింది.

గొంతులో ఎగతాళి లేదు. ఏదో పార్టీ పద్ధతి అయి ఉంటుంది, తనకే తెలియదేమో అన్నట్టు అడిగింది. అక్క తలెత్తి చూసింది. ఉపాధ్యక్షుడి వరసలో తాత పేరు. చేతిలో వేడివేడి కాగితం మీద అదే పేరు. ఫైల్లోంచి లాగింది పాత ఏడాది జాబితా. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

భర్త విని పొలమారేదాకా నవ్వాడు. "పోనీలేవే. బతికున్నప్పుడు మాత్రం ఆయన మీటింగులో నోరు విప్పాడా?" అన్నాడు. ఆవిడా నవ్వింది. పొరపాటు మనుషులకు కాక మాన్లకు వస్తుందా అని సర్దుకోబోయింది. కానీ అన్నం ముందు కూర్చున్నాక ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంది. చదివింది నేను సరే, విన్నవాళ్ళు ఇరవై ఒక్క మంది ఏమయ్యారు? అందులో తాత పాడె మోసినవాళ్ళే నలుగురున్నారు.

మర్నాడు షాపుకు తాళం వేసి ఒక్కొక్కరినీ అడగడానికి బయల్దేరింది.

"విన్నానక్కా. నువ్వు చదివావంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నా" అన్నాడు పాలబూతు ఆయన.

"గౌరవం కోసం ఓ ఏడాది పేరు ఉంచారనుకున్నాను" అంది బడి ఆయా.

"నిజం చెప్పమంటావా? నువ్వు చదివేటప్పుడు నేనెప్పుడూ వినలేదు. పక్కవాళ్ళు చెయ్యి ఎత్తితే ఎత్తుతాను" అంది టైలరమ్మ, మిషను ఆపకుండానే.

సాయంత్రానికి అందర్నీ అడగడం అయిపోయింది. ఒక్కరూ తప్పు ఒప్పుకుని సిగ్గుపడలేదు. ఆవిడ మీద అంత నమ్మకం వాళ్ళకు. ఆ నమ్మకం చూసి మొదటిసారి ఆవిడకు భయం వేసింది. తొమ్మిదేళ్ళు చెప్పులరగదీసి తను కట్టింది పార్టీని అనుకుంది. ఇప్పుడు చూస్తే తను ఏం చదివినా చేతులెత్తే మనుషులు మిగిలారు.

పట్టణ కార్యదర్శి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పి, మళ్ళీ ఎన్నిక పెడతానంది. ఈసారి చీటీల మీద, రహస్యంగా, అన్ని పదవులకూ. ఆయన గాభరా పడ్డాడు.

"నాలుగు నెలల్లో మున్సిపల్ ఎన్నికలమ్మా! ఆ ఒక్క పేరు కొట్టేసి ఇంకోటి రాస్తే పోలా? ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడట్లేదనేగా నా బాధంతా" అంది ఆవిడ.

మీటింగు రోజున టైలరమ్మ గది కిక్కిరిసింది. కాగితాలు వచ్చే అట్టపెట్టెకు చిల్లు పెట్టి ఆవిడే తీసుకొచ్చింది. ఉపాధ్యక్ష పదవికి నలుగురు పోటీ పడతారని, అధ్యక్ష పదవి ఎలాగూ తనదేనని ఆవిడ ధీమా. అందుకే వెల్డరు లేచి, "అధ్యక్ష పదవికి నేను నిలబడుతున్నా" అన్నప్పుడు ఆవిడ నోటి వెంట అనుకోకుండా "ఎందుకు?" అని వచ్చేసింది. గదంతా ఘొల్లుమంది.

అతను మాత్రం నవ్వలేదు. "నువ్వంటే కోపం ఉండి కాదక్కా. పోయినేడు నీకు జ్వరమొచ్చి పది రోజులు షాపు మూశావు గుర్తుందా? రెండు వీధుల్లో దీపాలు పోయాయి. ఇంతమందిమి ఉండీ, నువ్వు లేచేదాకా చీకట్లోనే ఉన్నాం. ఆఫీసులో ఎవరిని అడగాలో మాలో ఒక్కడికి తెలిస్తే ఒట్టు."

"అడిగితే చెప్పనా?" అంది ఆవిడ.

"చెప్పవు, చేసిపెడతావు" అంది టైలరమ్మ ఉన్నట్టుండి. "మంచిదానివే అక్కా, కాదనను. కానీ తొమ్మిదేళ్ళలో నా చేత ఒక్క ఫారం రాయించావా? రాయబోతే పెన్ను లాక్కుంటావు."

ఆవిడకు ఒళ్ళు మండింది. గొడ్డుచాకిరీ చేసినందుకు దక్కిన మాట ఇదా అనుకుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది. అట్టపెట్టె తెచ్చింది తనే కాబట్టి వెళ్ళలేకపోయింది. తన చీటీ మీద తన పేరే రాసుకుంది. అంత పెద్ద మనసు తనకు లేదని తర్వాత భర్తతో ఉన్నమాట చెప్పేసింది.

పట్టణ కార్యదర్శి మొహం మాడ్చుకుని చీటీలు విప్పాడు. వెల్డరుకు పన్నెండు, ఆవిడకు పదకొండు. చప్పట్లు ముందుగా ఆవిడే కొట్టడం మొదలుపెట్టింది. మెట్లు దిగి వీధి మలుపు తిరిగాక మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వారం తిరిగిందో లేదో పొద్దున్నే మూడో వీధిలో ఉండే దోబీ భార్య షాపుకు వచ్చింది. చేతిలో ఖాళీ ఫారం. "అక్కా, కుళాయి బందై ఐదు రోజులైంది. బట్టలు గుట్టలు పడ్డాయి. కాస్త రాసిపెట్టు" అని బల్ల మీద పెట్టింది.

అక్క చెయ్యి అలవాటుగా పెన్ను దాకా వెళ్ళింది. ఏ గుమాస్తా, ఏ కిటికీ, ఏ మాట అంటే కదులుతాడో అన్నీ నాలుక చివర ఉన్నాయి. పది నిమిషాల పని. ఆవిడ పెన్ను వదిలేసింది.

"నేను కాదమ్మా ఇప్పుడు. వెల్డింగు షాపుకు వెళ్ళు."

"అతనికేం తెలుసక్కా?"

"తెలీదు. నువ్వు వెళితే తెలుసుకుంటాడు."

దోబీ భార్య మొహం చిన్నబుచ్చుకుని ఫారం తీసుకుని వెళ్ళిపోయింది. ఓడిపోయిన కోపం ఆమె మీద చూపిస్తున్నానని అనుకుంటుంది కాబోలు, అనుకోనీ అనుకుంది అక్క.

ఒంటిగంట కాబోతుండగా ఎదురు రోడ్డు మీద ముగ్గురు కనిపించారు. నుదుటి మీదికి తోసిన నల్లద్దాలతో వెల్డరు, దోబీ భార్య, వాళ్ళ పక్కన టైలరమ్మ. ముగ్గురూ చేతులూపుకుంటూ వాదించుకుంటున్నారు. ఫారం దోబీ భార్య చేతిలో ఉంది, తన చేత్తో రాసుకున్నట్టుంది, సిరా మరకలయ్యాయి. వాళ్ళు నేరుగా ఆఫీసు పెద్ద గేటులోకి నడిచారు. నీళ్ళ విభాగం అటు కాదు, వెనక సందులోంచి వెళ్ళాలి. పైగా ఇది భోజనానికి ముందు వేళ, ఆ గుమాస్తా మీద పడి కరుస్తాడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. ఒక్క కేక వేస్తే ఆగుతారు. నోరు తెరిచింది కూడా. గుమ్మం చెక్కను గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నిలబడింది.

పావుగంటకు ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు. గేటు దగ్గర కాపలావాణ్ణి ఏదో అడిగారు. అతను చెయ్యి చాపి వెనక సందు చూపించాడు. వెల్డరు ఫారం మీద ఏదో రాసుకున్నాడు, టైలరమ్మ దోబీ భార్య భుజం తట్టింది. ముగ్గురూ సందు వైపు తిరిగి, మళ్ళీ వాదించుకుంటూ షాపు ముందు నుంచే వెళ్ళారు. ఒక్కరూ లోపలికి తొంగి చూడలేదు.

అక్కకు ఏడుపొచ్చింది. అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది.