చెయ్యి పెట్టినా ఆగని మోత

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నా కళ్ల మీద ఒట్టు... ఇది నాకు జరిగిందే.

నా పేరు సుజాత. మాది దంతాలపల్లి పక్క ఊరు. కారు నాదే, డ్రైవర్నీ నేనే. ఒకరోజు మా ఊరి పెద్దాయనను మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్తుంటే, వెనక సీట్లోనే ఆయన ప్రాణం పోయింది. అదే దారిలో ఇంజన్ లోపల టకటకా కొట్టుకోవడం మొదలైంది. అంతే! పెద్దాయన దయ్యమై బండిని పట్టాడన్నారు. ఒక్కరూ ఎక్కలేదు. చివరికి అమ్మకానికి పెడితే, పాత సామాను కొనేవాడు దసరా మర్నాడు పొద్దున్నే వచ్చి పట్టుకుపోతానన్నాడు. ఆ బండి పోతే నాకు ఇంకో బతుకుతెరువు లేదు.

అప్పటికే ఇంజన్ విప్పేశాను. మా బాపు ట్రాక్టర్లు బాగుచేసేవాడు, పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పిస్టన్ల ఊపుకు తిరిగే బరువైన ఇనుప ఇరుసు ఉంటుంది, క్రాంకు అంటాం. దాన్ని తాడుతో దూలానికి వేలాడదీసి సుత్తితో మెల్లగా కొట్టాలి. గంటలా మోగితే బాగున్నట్టు. బొంగురుగా పలికితే ఎక్కడో పగిలినట్టు. పగిలితే బండి అమ్ముకోవాల్సిందే.

సుత్తేమో దేవుడి దగ్గర ఉంది. ఆ రోజు దసరా. పనిముట్లన్నీ బొట్లు పెట్టించుకుని కూర్చున్నాయి. చెయ్యి చాపగానే మా అత్తమ్మ అడ్డం వచ్చింది.

"పండుగనాడు సుత్తె ముడ్తవా? జర భయముండాలె పిల్లా!"

"పొద్దుగాల వాడొచ్చి బండి గుంజుకపోతడు అత్తమ్మా. భయపడుకుంట కూసుంటే ఎట్ల?"

తీసుకున్నాను. షెడ్డులోకి వెళ్లి, దూలానికి వేలాడుతున్న క్రాంకును కొట్టాను.

ఖంగ్...

ఎంత తేటగా మోగిందో! కళ్లలో నీళ్లొచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. మోత ఆపడానికి చెయ్యి వేసి పట్టుకున్నాను. ఇనుము ఆగింది. అరచేతి కింద చల్లగా... ఇసుమంత అదురు లేదు.

మోత మాత్రం ఆగలేదు.

మ్‌మ్‌మ్... అని సాగుతూనే ఉంది. పైన రేకులేమో అనుకుని కర్రతో అదిమి చూశాను. కాదు. దూలమేమో... స్టూలెక్కి చెవి ఆనించాను. కాదు. నా చెవులే మోగుతున్నాయేమోనని రెండూ మూసుకున్నాను. వినపడలేదు. చేతులు తీశాను... ఉంది. బయటే ఉంది. సుత్తి నేల మీద ఉంది. క్రాంకును రెండు చేతులా చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. మోత నా చుట్టూ తిరుగుతోంది.

"సుజాతా... ఆపు బిడ్డా," ఇంట్లోంచి అత్తమ్మ గొంతు. ఆమెకూ వినపడుతోందన్నమాట.

"పట్టుకున్న అత్తమ్మా... నేను పట్టుకునే ఉన్న!"

అప్పుడు భయం వేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఎవలు నువ్వు? పెద్దాయనవైతే ఇను! నిన్ను బతికిచ్చుకోవాల్నని బండిని ఎంత ఉరికిచ్చిననో నీకెరుకే. నా బండి జోలికి రాకు. గిది నా బువ్వ!"

మోత ఆగింది. మెల్లగా తగ్గి ఆగలేదు... కోసినట్టు ఆగింది.

పొద్దున సామానువాడు వస్తే అమ్మేది లేదు పొమ్మన్నాను. క్రాంకును వరంగల్ తీసుకెళ్లి చూపించాను. ఎక్కడా పగులు లేదన్నారు. అరిగిన బేరింగులు మార్చి మళ్లీ బిగించాను. ఇప్పుడు బండి భూపాలపల్లి దాకా తిరుగుతోంది. ఎక్కనన్నవాళ్లే ఫోన్ చేసి పిలుస్తున్నారు.

ఆ మోత ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. బండిని నడపొద్దని చెప్పిందో, నడుపుకోమని చెప్పిందో... అత్తమ్మ మాత్రం మళ్లీ నా బండి ఎక్కలేదు. కంటి డాక్టరు దగ్గరికి బస్సులోనే వెళ్తుంది. మొన్న ఎండలో బస్సు కోసం నిలబడి ఉంటే పక్కన ఆపి తలుపు తీశాను.

"ఎక్కు అత్తమ్మా. నేనున్న గదా."

"నువ్వున్నవ్ బిడ్డా," అంది, వెనక సీటు వైపు చూస్తూ. "ఇంకెవ్వలు లేరని చెప్పు... ఎక్కుత."

నేనూ ఒకసారి వెనక సీటు వైపు చూశాను. తలుపు వేసి, గేరు మార్చి, బండిని ముందుకే పోనిచ్చాను.