ఆదివారం చెప్పుకున్న మాట

మా లిదియమ్మక్క ఉదయగిరి దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరు. పక్క ఊరి సెంటరు నాది. పిల్లల బరువు తూచడం, గుడ్లు పంచడం చాలదన్నట్టు, ఈ ఏడు మా నెత్తిన ఇంకో పని పడింది. పని ఇప్పిస్తామని తీసుకెళ్లి అమ్మేస్తున్న ఆడపిల్లల గురించి ఇల్లిల్లూ తిరిగి అడగమని మా పై ఆఫీసువాళ్లు ఆత్మకూరులో మీటింగు పెట్టి చెప్పారు. అడగ్గానే చెప్పేస్తారట. ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు అన్నీ సులువే.

అక్క ఎండలో ఊరంతా తిరిగింది. రెబెకమ్మను ఆమె కూతురు షైనీ గురించి అడిగింది.

"నెల్లూరులో బట్టల షాపులో ఉండాది" అని రెబెకమ్మ గడపలోంచే పంపేసింది.

ఆదివారం మా రెండూళ్ల చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పుకోమన్నారు. అదే రెబెకమ్మ లేచి నిలబడి ఏడ్చింది.

"మస్కట్‌లో నా బిడ్డ ఫోను లాక్కున్నారంట. గదిలో పెట్టి తాళం ఏస్తన్నారంట. ప్రార్థన చేయండి."

అందరూ ఆమెన్ అన్నారు. షైనీని పంపిన ఏజెంటు రెబెకమ్మ మరిదే, దయాసాగర్. అతనూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాడు. ఒళ్లు మండదూ? అయినా ఎవరూ నోరెత్తరు. మనవుల్లో విన్నది చర్చి బయట మాట్లాడకూడదు, మా పెద్దల నాటి నుంచీ అంతే.

అక్క ఆగలేకపోయింది. పిల్ల బయటపడితే చాలనుకుని, మర్నాడే ఆత్మకూరు ఆఫీసుకు పోయి విన్నదంతా చెప్పేసింది. వాళ్లూ ఊరుకోలేదు, జీపులో మనుషుల్ని పంపారు. వీధిలో అందరి ముందూ అడిగితే రెబెకమ్మ మళ్లీ బట్టల షాపే చెప్పింది. కన్నతల్లే కాదంటుంటే ఏం చేస్తామని జీపు వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం అయ్యగారు ఎంతసేపు చూసినా మనవి చెప్పుకోవడానికి ఒక్కరూ లేవలేదు. ప్రార్థన అయ్యాక రెబెకమ్మ అక్క దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"ఇంకోసారి జీపు వస్తే పిల్ల మీద ఆశ వదులుకోమన్నాడు మా మరిది. మనుషులకు చెప్పుకోలేకనే గదక్కా దేవుడికి చెప్పుకున్నాను. ఇప్పుడు ఆయన దగ్గర కూడా నా నోరు మూయించినావు."

అక్కను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, రెబెకమ్మనూ ఏమీ అనలేను. షైనీ ఇంకా మస్కట్‌లోనే ఉంది. ఊళ్లో ఆ పిల్ల పేరు ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.