తాత కోసం ఎత్తిన చేతులు

మా నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆ చప్పుళ్లకి చెవులు పోయాయి. సెక్టర్ 4లో మా క్వార్టరుకి దగ్గర్లోనే, టౌన్‌షిప్ కట్టిన కొత్తలో నాటిన పెద్ద తోట ఉంది. ఎండల్లో ఇప్పపూల వాసనకి, వానల్లో నేరేడు పళ్లకి, చలికాలంలో టిఫిన్ డబ్బాలతో పిక్నిక్‌కి అక్కడికే వెళ్తాం. వెళ్లినప్పుడల్లా నాన్నకీ, మా అమ్మాయి పింకీకీ ఒకటే ఆట. అది చేతులతో సిగ్నల్ ఇస్తుంది, ఆయన క్రేన్‌లా కదులుతారు.

మొన్న వానాకాలంలో, తడుస్తుందని చెవి మిషన్ జేబులో పెట్టుకుని, నేరేడు పళ్లు ఏరుకుని నాన్న మా వైపు వస్తున్నారు. దారి మీద, గాలికి విరిగి వేలాడుతున్న కొమ్మని తోట పనివాళ్లు కోస్తున్నారు.

"దాదా, హటో!" అని పనివాళ్లు తప్పుకోమంటూ అరిచారు. నేనూ గొంతు చించుకున్నాను. ఆయన మమ్మల్ని చూసి నవ్వుతూ నడుస్తూనే ఉన్నారు. కొమ్మ ఫెళఫెళమంది.

పింకీ గబుక్కున బెంచీ ఎక్కి, ఆగమన్నట్టు రెండు చేతులూ చాచింది. నాన్న ఉన్నచోటే ఆగిపోయారు. కొమ్మ ఆయన కాళ్ల ముందు కూలింది.

నేను ఏడుస్తూ రమ్మని పిలిచినా ఆయన కదల్లేదు. పింకీ చెయ్యి ఊపాకే చుట్టూ తిరిగి వచ్చారు.

"ఏటే, అలాగ ఏడుస్తన్నావు? సిగ్నలివ్వకుండా నానెలా వస్తాను?" అంటూ నేరేడు పళ్లు నా చేతిలో పోశారు.

ఇప్పుడు చలికాలం. చెవి మిషన్ పెట్టుకున్నా సరే, ఆ చోటికి రాగానే నాన్న ఆగి పింకీ చేతి వైపు చూస్తారు. వాళ్లిద్దరికీ అది ఇంకా ఆటే. నాకు మాత్రం కాదు.