ఆరు పళ్ల తొండ

దర్శి చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పోటీ ఎక్కడ జరిగినా మైకు జక్రయ్యదే. ఒకటా రెండా, ముప్పై ఏళ్లు! ఆయన గొంతు లేస్తే గిత్తలకంటే ముందు జనానికి ఊపొచ్చేది. అలాంటిది, ఈ ఏటి పోటీలకు కమిటీ పెద్ద బాపయ్య ఒంగోలు నుంచి వేరే ఎవరినో మాట్లాడాడు. జక్రయ్య గొంతు పాతబడిందట. ఆ మాట విన్నప్పటినుంచి ఆయనకు అన్నం సయించలేదు.

కూతురు క్రిస్టీనా ఒంగోల్లో యానిమేషన్ నేర్చుకుంటోంది. అడవి జంతువుల గురించి గంభీరంగా చెప్పే టీవీ కార్యక్రమాలను ఆటపట్టిస్తూ నాలుగు నిమిషాల బొమ్మల సినిమా చేసింది. మిరపచేలో ఓ తొండ చీమను వేటాడుతుంది, అంతే కథ. గొంతు నాన్నే ఇవ్వాలంది. పొదచాటునుంచి పులిని చూస్తున్నట్టు గుసగుసగా చెప్పాలంది.

జక్రయ్యకు ప్రాణం లేచొచ్చింది. కానీ గుసగుసగా చదివితే చావింట్లో ప్రార్థనలా ఉంది. మూడుసార్లు చదివినా అంతే. పైగా యజమాని పేరు, ఏ విభాగమో తేల్చే పళ్ల లెక్క చెప్పకుండా పశువును బరిలోకి దింపడం ఆయనవల్ల అయ్యే పని కాదు.

"తొండ ఎవరిదమ్మా? దానికెన్ని పళ్లు?"

చేను బాపయ్యగారిదనుకో, పళ్లు నీ ఇష్టం అంది క్రిస్టీనా నవ్వాపుకోలేక. ఇక చూడాలి ఆయన్ని! తెరమీద తొండ తలెత్తిందో లేదో కుర్చీలోంచి లేచాడు. ఆరు పళ్ల విభాగంలో బాపయ్యగారి తొండ బరిలోకి దిగింది, తోక లేపింది, అడుగు, రెండడుగులు, సమయం ఇంకా ఉంది అంటూ ఊపిరి తిప్పుకోకుండా అదరగొట్టాడు. చివర్లో చీమ తప్పించుకుంది. న్యాయం న్యాయమే కాబట్టి మొదటి బహుమతి చీమకిచ్చి, తొండకు రెండోది ప్రకటించాడు. క్రిస్టీనా తను రాసిచ్చిన కాగితం చించేసింది.

ఊరి బడి వార్షికోత్సవంలో ఆ సినిమా వేశారు. జనం పడీపడీ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న బాపయ్య మాత్రం తన పేరు వినగానే బిగుసుకుపోయాడు. పేరైనా మార్చలేదే అని జక్రయ్య నాలుక్కరుచుకున్నాడు. సినిమా అయిపోగానే బాపయ్య లేచి వెనక్కి తిరిగాడు.

"ఏం జక్రయ్యా, నా తొండకి రెండో బహుమతా? ఒంగోలాయన్ని రావద్దంటాను. నువ్వే వచ్చి మైకు పట్టుకో. మా గిత్తలకి ఏ బహుమతి ఇస్తావో చూస్తా."

"లాగినదాన్ని బట్టి ఇస్తానండీ," అన్నాడు జక్రయ్య.

క్రిస్టీనా కోసం మూడుసార్లు చదివినా కుదరని గుసగుస ఆయన గొంతులో అప్పుడు కుదిరింది.