ప్రళయంలో రొట్టె

అచ్చాఫీసులో టైపు చేసే అక్కయ్యకు ఒకటే జబ్బు. కథలో ఎవరైనా పస్తుంటే ఆవిడ చెయ్యి ఊరుకోదు. రచయిత రాయని రొట్టె ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి ఆ పాత్ర చేతిలో పడుతుంది.

ఆ బాధంతా పడేది మన రచయితే. ఆయనవన్నీ లోకం అంతమైపోయాక జరిగే నవలలు. మంచివాడు మొదటి అధ్యాయంలోనే పోతాడు, పక్కవాడి నీళ్ళు లాక్కున్నవాడు చివరిదాకా బతుకుతాడు. ఇంత భీకరంగా రాసే మనిషి, బల్లి కనబడితే మంచమెక్కుతాడు. ఆ సంగతి తనే చెప్పుకుని నవ్వేవాడు.

"అక్కయ్యా, ఈ ముసలాయనకి దుప్పటి ఎక్కడిది?"

"చలేస్తోందని మీరే రాశారు కదా బాబూ."

"చలికి చావాలనే రాశాను!"

"అయ్యో, ఆ మాట ముందే చెప్పాల్సింది. సర్లెండి, ఇవాళ కూడా రొట్టెలు ఎక్కువ తెచ్చేశాను. పారెయ్యలేను. కాస్త సాయం పట్టండి."

రచయిత పెద్దమనసు చేసుకుని సాయం పట్టేవాడు. రెండేళ్ళుగా రోజూ ఇదే సాయం. ఎన్ని రొట్టెలు కావాలో కూడా తెలియని మనిషి అని జాలిపడేవాడు కూడా.

కొత్త నవల చివరి పేజీలో అందరూ చావాలి. టైపయి వచ్చేసరికి పదకొండు మంది గుండ్రంగా కూర్చుని రొట్టెలు పంచుకుంటున్నారు. అచ్చాఫీసు యజమాని ఇద్దర్నీ తన గదికి పిలిచాడు.

"చివరికి ఒక్కడూ మిగలడని ప్రకటన కూడా వేయించాను. ఎవరి పనిది? ఆవిడదైతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు. మీదైతే మీ పుస్తకం వెయ్యను."

రచయితకు కోపం నషాళానికంటింది. రుజువు చూపిద్దామని బల్లమీదున్న తన రాతప్రతి తెరిచాడు. "మూడు రోజులుగా మంచినీళ్ళే ఆహారం" అని తను రాసిన చోట, పక్కన పెన్సిలు అక్షరాలున్నాయి: 'బాబు మళ్ళీ ఏమీ తిన్నట్టు లేదు. రేపు రెండు ఎక్కువ చెయ్యాలి.' పేజీలు తిప్పాడు. ఆకలి ఉన్న ప్రతిచోటా అదే పెన్సిలు. నిజానికి ఆకలి గురించి ఆయన ఊహించి రాసింది ఒక్క ముక్కా లేదు. సిగ్గుపడి రాతప్రతి మూసేశాడు.

"నేనే రాశానండీ," అన్నాడు. "రొట్టెలూ నావే, దుప్పటీ నాదే."

బయటికి రాగానే అక్కయ్య గుండెలు బాదుకుంది. "బంగారంలాంటి పుస్తకం పోయిందే!"

"పోనివ్వండక్కయ్యా. మంచివాళ్ళవల్ల ఎవరూ బతకరని మూడొందల పేజీలు రాశాను, మీ రొట్టెల డబ్బా ఖాళీ చేస్తూ."

"అవన్నీ తర్వాత. ముందు తినండి, ఇవాళ కూడా ఎక్కువయ్యాయి."

ఆయన మొదటిసారి డబ్బాలోకి తొంగిచూశాడు. సరిగ్గా ఇద్దరికి సరిపడా ఉన్నాయి.

"ముందు మీరు తీసుకోండి," అన్నాడు. పెద్ద రొట్టెను మాత్రం మెల్లగా తనవైపు జరుపుకున్నాడు.