అరటితోటలో కాలిబాట

ధవళేశ్వరం దిగువన గోదావరి మధ్య ఉన్న లంకలో మా పడవ తెల్లవారాక ఆగింది. సన్నని వాన. దిగగానే బూట్లు ఒండ్రులో కూరుకుపోయాయి. వీపున కిట్టు, చేతిలో వెదురుకర్ర, ప్లాస్టిక్ కవరులో ఫోను. నాది పెద్దాపురం. ఆర్మీ సర్వీసు మొత్తంలో సొంత గోదావరి మీద డ్యూటీ పడడం అదొక్కసారే.

మా సుబేదార్‌ది విజయనగరం వైపు. ఆర్డరు క్లుప్తంగా ఇచ్చాడు. వరద రాకముందే లంకలో దారులన్నీ నడిచి చూడాలి. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ మ్యాప్‌లో ఒక్కోదానికీ గుర్తు పెట్టాలి: బండి దారి, కాలిబాట, దారి కాదు. బయటినుంచి వచ్చే బోటువాళ్ళకి ఆ మ్యాపే దిక్కు.

అరటితోట మధ్యన ఉపగ్రహ చిత్రంలో వెంట్రుకలాంటి గీత కనిపించింది. ఎవరో అప్పటికే దాన్ని ‘దారి కాదు’ అని కొట్టేశారు. వెళ్ళి చూశాను. గడ్డి ఒరిగి ఉంది. అంతే. దాని వెంటే నడిస్తే మిట్ట మీద ఒక పాక వచ్చింది. గుమ్మంలో ఒకావిడ, మంగమ్మ గారు. లోపల మంచం మీద ఆవిడ భర్త, పక్షవాతంతో కాళ్ళు కదలని మనిషి.

“ఈ దారిన ఎవరు నడుస్తారండి?” అన్నాను.

“ఇది దారేంటి బాబూ! నేనొక్కదాన్నేనండి. మధ్యాహ్నం పని ఆపుకొచ్చి ఆయనకింత అన్నం పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి పోతానండి. రోడ్డు చుట్టూ తిరిగొస్తే ఆయనకి ఆకలి దాటిపోద్దండి.”

రేడియోలో సుబేదార్‌కి చెప్పాను. “సాబ్, ఆనవాలు మాత్రమే ఉంది. నడిచేది ఒక్కరే. ఓవర్.”

“చివర ఇల్లుందా?”

“ఉంది సాబ్. ఇద్దరున్నారు.”

“అయితే కాలిబాట అని పెట్టు. ఓవర్.”

పెట్టాను.

ఆ వారంలోనే గోదావరి పొంగింది. రోడ్డు మునిగింది. అరటిచెట్ల తలలు మాత్రం నీళ్ళపైన నిలిచాయి. ముక్కూమొహం తెలియని బోటువాళ్ళు ఫోను చూసుకుంటూ ఆ కాలిబాట మీదుగానే చెట్ల మధ్యకి దూరారు. గట్టు మీద స్ట్రెచరు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. తరవాత ఇంజను చప్పుడు వినపడింది. ఇద్దరూ ఆ బోటులో ఉన్నారు.

నీరు తీశాక మేం యూనిట్‌కి వెళ్ళిపోయాం. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. కళ్ళముందు నుంచి పోనిది ఒక్కటే. స్ట్రెచరు మీద ఆయన. బోటు దించేటప్పుడు పాదాలు గట్టు బురదలో ఈడ్చుకుపోయాయి. తుడవబోతే మంగమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనివ్వండి బాబూ,” అంది, నవ్వుతూ, ఏడుస్తూ. “ఎన్నేళ్ళకో మా ఆయన కాళ్ళకి మట్టంటిందండి.”